సగం యాంటెన్నా నేలలోనే ఉంటుంది

చిరంజీవి అల్లుడికి,

బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు. నీకు హామ్ లైసెన్సు, అంటే సరదాకి సొంత రేడియో స్టేషను నడుపుకునే అనుమతి, వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పగానే నాకు కళ్ళు చెమర్చాయి. మన ఇళ్ళలో నా తరవాత ఈ రేడియో పట్టుకునేవాళ్ళు ఉండరనే అనుకున్నాను.

గోపాలపూర్‌లో మీ పెరడు చిన్నది, లాగి కట్టే తాళ్ళకి చోటు లేదు కాబట్టి తనంతట తాను నిలబడే నిలువు యాంటెన్నా వేస్తానన్నావట. మంచిదే. 14 మెగాహెర్ట్జ్‌తో మొదలుపెట్టు. 71.3ని మెగాహెర్ట్జ్‌లలో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే పావు తరంగం పొడవు మీటర్లలో వస్తుంది, పైపు అంత ఉండాలి. 14.2కి సుమారు 5 మీటర్లు. అదే 7కి అయితే 10 మీటర్లు కావాలి. తాళ్ళు లేకుండా అంత ఎత్తు పైపుని సముద్రపు గాలిలో నిలబెట్టడం మొదటిసారి చేసేవాడి పని కాదు.

నువ్వు అల్యూమినియం పైపుల ధరలు అడుగుతున్నావని విన్నాను. ముందు తీగల ధర అడుగు. పైకి కనబడే పైపు యాంటెన్నాలో సగమే, మిగతా సగం నేల మీద పరిచే రేడియల్ తీగలు. మీ ఇసుక ఎండితే కరెంటుని సరిగ్గా మొయ్యదు. ఆ పని తీగలు చెయ్యాలి. ఇళ్ళ వైరింగుకి వాడే రాగి తీగ 90 మీటర్ల చుట్ట దొరుకుతుంది. ఒక్క చుట్ట కొంటే 5 మీటర్ల చొప్పున 16 తీగలు వచ్చి ఇంకా మిగులుతుంది. పైపు మొదట్లో అన్నిటినీ ఒకచోట కలిపి, అక్కడినుంచి చుట్టూ పరిచి, కాలికి తగలకుండా రెండు మూడు వేళ్ళ లోతులో పూడ్చు. గోడ అడ్డొస్తే తీగని వంచెయ్యి, ఫరవాలేదు. నేల మీద పరిచే తీగలకి కొలత సరిగ్గా ఉండాలన్న పట్టింపు లేదు, సంఖ్యే ముఖ్యం. నాలుగు పొడుగు తీగలకన్నా పదహారు పొట్టివి మేలు.

ఇక్కడ నేను మోసపోయిన సంగతి చెప్తాను. నా మొదటి నిలువు యాంటెన్నాకి నాలుగే తీగలు వేశాను. యాంటెన్నా కేబుల్‌కి ఎంత సరిపోయిందో చూపే ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు 1 చూపించింది, అంటే పూర్తిగా సరిపోయినట్టు. అంతా బాగుందని ఏడాదిపాటు దానితోనే కూర్చున్నాను. పిలిస్తే పలికేవాళ్ళు తక్కువ. తరవాత పన్నెండు తీగలు కలిపితే మీటరు 1.4కి పెరిగింది, దూరపు స్టేషన్లు మాత్రం పలకడం మొదలుపెట్టాయి. ఎందుకో చూడు. పావు తరంగం పైపుకి మంచి నేల మీద ఉండే నిరోధం 36 ఓములు, మన కేబుల్ 50 ఓములది. నేల నష్టం ఇంకో 14 ఓములు కలిస్తే మొత్తం సరిగ్గా 50 అయ్యి మీటరు మురిపిస్తుంది. కానీ నీ సెట్టు పంపే 50 వాట్లలో 14 వాట్లు ఇసుకని వేడి చెయ్యడానికే పోతాయి. అందుకని తీగలు పెంచినప్పుడు మీటరు కాస్త ఎక్కితే కంగారుపడకు.

పైపుల సంగతికి పెద్దగా ఏమీ లేదు. ఒకదానిలో ఒకటి బిగువుగా దూరేవి చూసుకో, అడుగున 38 మిల్లీమీటర్లది చాలు. కీలు దగ్గర బయటి పైపుకి హాక్సా బ్లేడుతో నాలుగు చీలికలు పెట్టి హోస్ క్లిప్పుతో బిగించు. ఒక అడుగు పొడవు ఎక్కువ ఉంచుకుని మీటరు చూస్తూ లోపలికి తోసుకుంటూ రా. రాగి తీగని అల్యూమినియానికి నేరుగా తగలనివ్వకు, మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీల్ వాషర్ వెయ్యి. మీ ఉప్పుగాలికి రెండూ కలిసినచోట ఒక్క వర్షాకాలంలోనే లోహాన్ని తినేస్తుంది.

గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మీ గోపాలపూర్ దగ్గరే తీరం దాటినప్పుడు గాలి గంటకు 200 కిలోమీటర్లు. నా పైపుని దించకుండా వదిలేశాను, తెల్లారేసరికి మొదలు దగ్గర విరిగి పక్కింటి రేకుల మీద ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ ఉదయం నాకు కాళ్ళు వణికాయి. కాబట్టి తుఫానుకి నిలబడే యాంటెన్నా కట్టాలని చూడకు, పడుకోబెట్టగలిగేది కట్టు. కాంక్రీటులో రెండు ఇనుప యాంగిళ్ళు నాటి, మధ్యలో బోల్టు మీద పైపు వాలేలా చేయించు. ఇసుక నేల కనుక గొయ్యి కాస్త వెడల్పుగా, లోతుగా తవ్వించు. పైపుకీ ఇనుముకీ మధ్య నైలాన్ ముక్క ఉండాలి. సెట్టు ఆన్‌లో ఉండగా ఆ మొదలు దగ్గరికి పిల్లల్ని రానివ్వకు, ముట్టుకుంటే కాలుతుంది.

కరెంటు తీగకి కనీసం 10 మీటర్ల దూరంలో నిలబెట్టు. పైపు ఎటు పడినా తీగని అందుకోకూడదు. ఈ విషయంలో ఎవరు ఏం చెప్పినా వినకు. కాలబైశాఖి (వేసవిలో వచ్చే ఉరుముల గాలివానలు) రోజుల్లో ఆకాశం నల్లబడితే కేబుల్ ఊడదీసి కిటికీ బయట పడెయ్యి.

తుఫానులో భువనేశ్వర్‌తో మాట్లాడాలని నీకుందని మీ అమ్మ చెప్పింది. దానికి ఇది పనికిరాదు. నిలువు యాంటెన్నా శక్తి నేలకి దగ్గరగా దూరం పోతుంది. సముద్రం ముందున్న మీకు విదేశాలు బాగా పలుకుతాయి గానీ నూటయాభై, రెండొందల కిలోమీటర్ల లోపలివాళ్ళు తప్పిపోతారు. వాళ్ళ కోసం 7 మెగాహెర్ట్జ్‌కి డాబా మీద అటు 10 ఇటు 10 మీటర్ల తీగ తక్కువ ఎత్తులో అడ్డంగా కట్టుకోవాలి. అక్టోబరు రాకముందే అది కూడా వేసుకో.

నైలాన్ ముక్క కొనకు. నేను లేత్ షాపులో తిప్పించినది ఒకటి అటక మీద ఉంది. తీగలు పూడ్చే ఆదివారం ఏదో చెప్పు, పొద్దున్న బస్సుకి తెచ్చిస్తాను.

మీ మావయ్య