సదస్సులో విన్న సంగీతం, ఇంట్లో వినే సంగీతం

ప్రశ్న: నేను అనంతపురంలో ఉపాధ్యాయురాలిని. ఇటీవల అన్నమయ్య సంకీర్తనలపై జరిగిన సదస్సుకు వెళ్లి, నోటుపుస్తకం నిండా విషయాలు రాసుకుని వచ్చాను. మావారికి పాత సినిమా పాటలంటే ప్రాణం. సంకీర్తన పెడితే మాత్రం లేచి వెళ్లిపోతారు. నా ఉత్సాహాన్ని ఆయనతో పంచుకునేది ఎలా?

జవాబు: అమ్మా, విన్నదంతా ఒకేసారి ఆయనకు చెప్పాలన్న తొందరను ముందు మానుకోండి. రాసుకున్నవాటిలో మిమ్మల్ని నిజంగా కదిలించిన ఒక్క విషయాన్ని, ఆ వేడి చల్లారకముందే ఎంచుకోండి. రాగం మంచి దారి. స రి గ ప ద అనే ఐదు స్వరాల మోహనలో పాత సినిమా పాటలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, మొదట ఆయనకు నచ్చిన పాటను ఇద్దరూ పూర్తిగా విని, ఆ తర్వాతే అదే రాగంలో పాడిన సంకీర్తనను వినండి. పోలికను ఆయననే పట్టుకోనివ్వండి. మధ్యలో వివరణలు వద్దు.

మీ జిల్లాకే చెందిన సంగతి ఒకటి ఆయనకు తప్పక నచ్చుతుందని నా నమ్మకం. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సంకీర్తనలకు రాగాల పేర్లు ఉన్నాయి గానీ, పాడుకునే బాణీలు మనకు దక్కలేదు. అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మగారు వాటిలో ఎన్నింటికో స్వరాలు కూర్చారు. అంటే 15వ శతాబ్దపు సాహిత్యానికి మనం నేడు వింటున్న బాణీలు చాలావరకు మీవారు ప్రాణమిచ్చే సినిమా పాటల కాలానివే. నోటుపుస్తకంలోని మిగతా విషయాలను మీ బడి పిల్లలకు వారానికొకటి చొప్పున చెప్పండి.