మీ ప్రశ్నలు: షేర్లలోకి ఎందుకు వస్తున్నాం?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె, నల్లగొండలో పీజీ చదువుతున్నాను. హాస్టల్‌లో మా గదిలో నాకు తప్ప అందరికీ డీమ్యాట్ ఖాతా (షేర్లు దాచుకునే ఖాతా) ఉంది. ఆప్షన్ల గడువు తీరే ఎక్స్‌పైరీ రోజున క్లాసులో కూడా ఫోనే చూస్తుంటారు. ఆప్షన్స్‌లో ఒక్క పూటలో నెల మెస్ బిల్లుకు సరిపడా లాభం వచ్చిందని ఒకతను స్క్రీన్‌షాట్ చూపించాడు. ఇంట్లో అడగకుండా ఖర్చులు వెళ్లదీసుకోవాలని నాకూ ఉంది. మొదలుపెట్టమంటారా?

జవాబు: ఆప్షన్స్ మాత్రం వద్దు తమ్ముడూ, అవి షేరు ధర పెరుగుతుందో పడుతుందో అని గడువు పెట్టి కొనే ఒప్పందాలు. ఇంట్లో అడగకుండా బతకాలన్న కోరికలో తప్పేమీ లేదు, పత్తి మీదో బత్తాయి మీదో నడిచే ఇంటికి నెలనెలా ఫోన్ చేసి పైసలు అడగడం ఎంత కష్టమో మన జిల్లా పిల్లలకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ వచ్చే నెల మెస్ బిల్లుకు కావాల్సిన పైసలు మార్కెట్లోంచి రావాలనుకున్నవాళ్లకు మామూలు షేర్లు ఆనవు, ఏడాదికి పదో పన్నెండో శాతం పెరిగినా వాళ్ల అవసరం తీరదు కాబట్టి నేరుగా ఆప్షన్స్ దగ్గరికే వెళ్తారు. మంచి షేరు కొన్నాక పడితే ఆగి చూడొచ్చు. ఆప్షన్‌కు గడువుంటుంది, రోజు గడిచేకొద్దీ దాని ధర (ప్రీమియం) కరుగుతుంది, నువ్వు అనుకున్నదే జరిగినా రెండు రోజులు ఆలస్యంగా జరిగితే నీ పైసలు పోయినట్టే.

షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన నివేదిక ఒక్కసారి చదువు. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్ (ఇవీ గడువుండే ఒప్పందాలే), ఆప్షన్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది, సగటున తలా 2 లక్షలు. వీళ్లలో 30 ఏళ్ల లోపు వాళ్ల వాటా ఒక్క ఏడాదిలోనే 31 నుంచి 43 శాతానికి పెరిగింది. 2023-24లో ట్రేడ్ చేసినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది ఏడాది ఆదాయం 5 లక్షల లోపే. అంటే నీలాంటి వాళ్లు, నీ గదిలో వాళ్లలాంటి వాళ్లే. ఈ లెక్క చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక ఆ స్క్రీన్‌షాట్ సంగతి. అది లాభం వచ్చిన రోజుది. అతన్ని బ్రోకర్ యాప్‌లోంచి ఏడాది మొత్తం లాభనష్టాల స్టేట్‌మెంట్ తీయమను, ఛార్జీలన్నీ పోను ఎంత మిగిలిందో అందులో ఉంటుంది. చూపించడానికి ఇష్టపడకపోతే నీకు జవాబు దొరికినట్టే. పిల్లలు షేర్లలోకి రావడానికి చదువు కారణం, యూట్యూబ్ కారణం అని అందరూ అంటారు గానీ, నేను చూసినంతవరకు అన్నిటికన్నా పెద్ద కారణం పక్క మంచం మీది స్నేహితుడే. 2020 లాక్‌డౌన్ తర్వాత ఆధార్, ఫోన్ ఉంటే ఇంట్లో కూర్చునే ఖాతా తెరిచే వీలు బాగా పెరిగింది, దేశంలో 4 కోట్ల దాకా ఉన్న డీమ్యాట్ ఖాతాలు 2024 మార్చికి 15 కోట్లు దాటాయి. అందరికీ ఉంది, నాకే లేదన్న వెలితి ఇప్పుడు నీలో ఉంది చూడు, అది ఊరూరా ఉంది.

నేర్చుకోవాలని నిజంగా ఉంటే, పోయినా మెస్ బిల్లు ఆగని చిన్న మొత్తంతో ఒక షేరు కొను, ఆ కంపెనీ వార్షిక నివేదిక చదువు. లోన్ యాప్‌లో తెచ్చి మాత్రం పెట్టకు. టెలిగ్రామ్‌లో ఏది కొనాలో, ఎప్పుడు అమ్మాలో కాల్స్ ఇచ్చేవాళ్లు గ్యారంటీ లాభం అంటే అక్కడే బయటికి వచ్చెయ్, సెబీ దగ్గర రిజిస్టర్ అయిన సలహాదారు అలా చెప్పకూడదు.

ప్రశ్న: నేను ప్రభుత్వ కాలేజీలో కామర్స్ అధ్యాపకుణ్ని, మహబూబ్‌నగర్. పోర్ట్‌ఫోలియో సిద్ధాంతం (పెట్టుబడిని రకరకాలుగా పంచి రిస్క్ తగ్గించుకోవడం) ఏళ్ల తరబడి పాఠం చెబుతున్నా, నా పేర ఒక్క షేరు లేదు. స్టాఫ్‌రూమ్‌లో ఇప్పుడు అందరివీ ఇవే మాటలు. 2004 తర్వాత చేరినవాణ్ని, పాత పెన్షన్ లేదు, జీతంలోంచి కోసి మార్కెట్లో పెట్టే సీపీఎస్. నాకు తెలిసిన విషయం కాబట్టి సొంతంగా షేర్లు ఎంచుకోవచ్చా?

జవాబు: సార్, మీరు పాఠంలో చెప్పే ఆ సిద్ధాంతం హ్యారీ మార్కోవిట్జ్‌ది, 1990లో నోబెల్ వచ్చింది. ఆయన తన రిటైర్మెంట్ డబ్బు పెట్టేటప్పుడు తన సూత్రాలేవీ వాడకుండా సగం షేర్లలో, సగం బాండ్లలో పెట్టుకున్నారు. షేర్లు పెరిగితే నేను లేనే అని, పడితే మొత్తం పెట్టానే అని తర్వాత బాధపడకూడదన్నదే ఆయన కారణం. 1997లో నోబెల్ అందుకున్న మెర్టన్, షోల్స్ భాగస్వాములుగా ఉన్న లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే పెట్టుబడి సంస్థ ఆ మరుసటి ఏడాదే కుప్పకూలింది. సబ్జెక్టు తెలియడం ఒకటి, రోజూ ధర చూస్తూ స్థిమితంగా ఉండగలగడం ఇంకొకటి. పైగా తెలిసినవాళ్లకు తాము తప్పామని ఒప్పుకోవడం ఇంకా కష్టం, అందుకే పడుతున్న షేరును పట్టుకుని కూర్చుంటారు.

మీ అసలు కారణం స్టాఫ్‌రూమ్ కాదని నాకనిపిస్తోంది, పెన్షన్ భయం. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లందరి మనసులో ఉన్నదే అది. అదే అయితే పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు కదలకుండా ఉంచే ఇండెక్స్ ఫండ్ (నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లన్నీ కలిపి కొనే ఫండ్) మీకు సరిపోతుంది, సీపీఎస్ సొమ్ములో కొంత భాగం ఇప్పటికే షేర్లలో ఉందన్నది కూడా లెక్కలోకి తీసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఉద్యోగుల ప్రవర్తన నియమావళి పెట్టుబడిని కాదనదు గానీ స్పెక్యులేషన్‌ను, అంటే ధరల మీద జూదాన్ని, ఒప్పుకోదు. మాటిమాటికీ కొని అమ్మడం ఆ కిందికే రావొచ్చు, కాబట్టి ఇంట్రాడే (అదే రోజు కొని అమ్మడం) జోలికి పోకండి.

ప్రశ్న: మా బిడ్డ పాలమూరు యూనివర్సిటీలో ఎంబీఏ. ట్యూషన్ పైసల్లోంచి నెలకు వెయ్యి సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కట్టడం) కడతానంటోంది. చిట్టీ వెయ్యమన్నా, మిత్తికి ఇయ్యమన్నా వినదు. ఏం చేయాలి? (ఒక తల్లి, కల్వకుర్తి)

జవాబు: కట్టనివ్వండి అక్కా. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, నిజమే, కానీ తీసుకున్నవాడు చేతులెత్తేస్తే అసలు కూడా రాదని మీకు నాకన్నా బాగా తెలుసు. సిప్‌లోనూ గ్యారంటీ లేదు, కొన్నేళ్లు తగ్గి కనిపించొచ్చు, ఆ మాట ఆమెతో ముందే అనండి. అమెరికాలో బార్బర్, ఓడీన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు వేల ఖాతాలు చూసి 2001లో రాశారు, మగవాళ్లు ఆడవాళ్లకన్నా 45 శాతం ఎక్కువసార్లు కొని అమ్మారట, దానివల్లే వాళ్ల రాబడికి ఎక్కువ దెబ్బ తగిలిందట. మీ బిడ్డ నెలకోసారి కట్టి ఊరుకునే దారి ఎంచుకుంది. ఫీజు కట్టాల్సిన పైసలు అందులో పెట్టకుండా మాత్రం చూడండి, నామినీగా ఎవరి పేరు రాసిందో కూడా అడగండి.