తెడ్డు వేసేటప్పుడు ఊపిరి గురించి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. కయాక్‌లో పావుగంట తెడ్డు వేసేసరికే ఆయాసం ముంచుకొస్తోందనీ, భుజాల్లో బలం చాలడం లేదేమోననీ రాశావు. నువ్వు చెప్పినదాన్ని బట్టి చూస్తే లోపం భుజాలది కాదు. తెడ్డు నీటిలో దించిన ప్రతిసారీ నీకు తెలియకుండానే ఊపిరి బిగబడుతున్నావు. బరువెత్తేటప్పుడు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టడం అందరికీ ఉన్న అలవాటే గానీ, నిమిషానికి 60 సార్లు తెడ్డు వేసే పనికి అది పనికిరాదు.

ముందు వదలడం నేర్చుకో. ఆయాసం రాగానే గాలి చాలడం లేదనుకొని గబగబా పీలుస్తాం. నిజానికి ఊపిరి కోసం ఆ తహతహను పుట్టించేది ముఖ్యంగా రక్తంలో పెరిగే కార్బన్ డయాక్సైడే, కాబట్టి లోపలి గాలిని పూర్తిగా బయటికి పంపితేనే ఊరట కలుగుతుంది. పైగా విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక్కసారి పీల్చే సుమారు 500 మిల్లీలీటర్ల గాలిలో 150 దాకా శ్వాసమార్గంలోనే నిలిచిపోయి, ఊపిరితిత్తుల లోతుకు చేరకుండానే వెనక్కి వచ్చేస్తుంది. పైపైన ఎన్నిసార్లు పీల్చినా ఆ వృథా ప్రతిసారీ తప్పదు.

ఇక లయ సంగతి. తెడ్డు ఒకసారి వేసే వ్యవధిలో పీల్చి, తర్వాతి రెండుసార్లూ నీటిని లాగుతూ వదులు. 60 సార్ల వేగంలో ఇది నిమిషానికి 20 శ్వాసలవుతుంది. మామూలు ప్రయాణానికి అది సరిపోతుంది. లెక్క మూడు కావడంలో ఇంకో సుఖం ఉంది: వదలడం ఒకసారి కుడివైపు మొదలైతే మరుసటిసారి ఎడమవైపు మొదలవుతుంది, శ్రమ ఒకే పక్కన పడదు. ఎదురుగాలిలో ఈ లెక్క నిలవదు. అప్పుడు ఒకదానికి పీల్చి ఒకదానికి వదలడమే మార్గం. లెక్క తప్పినా కంగారుపడి తెడ్డు వేగం పెంచకు, ఊపిరి కుదుటపడేదాకా వేగమే తగ్గించు.

నడుము వంచి కూర్చుంటే పొట్ట నొక్కుకుపోయి ఉదరవితానం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరం, కిందికి దిగలేదు. అందుకే తుంటి మీద నిటారుగా కూర్చో. లైఫ్ జాకెట్ పట్టీలను గుండె నిండా గాలి పీల్చి ఉన్నప్పుడు బిగించుకో. వదిలాక బిగిస్తే తర్వాత ఛాతీ విచ్చుకోవడానికి చోటుండదు.

చల్లటి నీళ్లలో పడితే మాత్రం ఈ లెక్కలేవీ గుర్తుకు రావు. ఒక్కసారిగా ఎగపీల్పు వస్తుంది, అది నీ చేతిలో లేదు. మొదటి నిమిషం ఈదే ప్రయత్నం చేయకుండా, పడవను పట్టుకొని, ముఖం నీటిపైన ఉంచి, పొడవుగా వదులుతూ ఉండు. ఆ ఉద్ధృతి తగ్గాకే మిగతా పని.

ఈ వారం దూరం, వేగం లెక్కపెట్టకు. పెదవులు గుండ్రంగా చుట్టి, నీ చెవికి వినిపించేంత గట్టిగా ఊపిరి వదులుతూ తెడ్డు వెయ్యి. పక్క పడవలోవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. నేను నేర్చుకున్నదీ అలాగే. ఆయాసం ఎంతసేపటికి మొదలైందో వచ్చే ఉత్తరంలో రాయి.

ఇట్లు,
మామయ్య