తూటా కేసు లోపల ఎంత పడుతుందో తెలియాలంటే ఇత్తడిని కాదు, నీటిని తూచండి

టెక్సాస్‌లో ఉంటున్న దేవరకొండ సోదరుడు రెండు సంగతులు అడిగారు. .308 విన్‌చెస్టర్ రైఫిల్‌కు తన దగ్గరున్న మిలిటరీ కేసులు (తూటాలో మందు నిలిచే ఇత్తడి గొట్టాలు) మామూలు కేసులకన్నా బరువుగా ఉన్నాయి, ఆ బరువును బట్టి లోపలి చోటు లెక్కకట్టవచ్చా అన్నది మొదటిది. సంక్రాంతికి వచ్చేటప్పుడు కొన్ని ఖాళీ కేసులు తెచ్చి బావగారికి చూపించవచ్చా అన్నది రెండోది.

నాది మిర్యాలగూడ. డాలస్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక మిత్రుడి షెడ్డులో, పేల్చిన కేసుల్లో మళ్లీ మందు నింపి తూటాలు చేసుకునే పని నేర్చుకున్నాను. ఇత్తడి బరువు ఒక సూచన మాత్రమే, దాన్ని కొలతగా నమ్మవద్దు. పైకి ఒకేలా కనిపించే రెండు తవ్వల్లో గోడ మందంగా ఉన్నదానిలో బియ్యం తక్కువ పడతాయి కదా, మిలిటరీ కేసు సంగతీ సాధారణంగా అంతే. ఇత్తడి నీటికన్నా ఎనిమిదిన్నర రెట్లు బరువు కాబట్టి, 17 గ్రెయిన్ల (గ్రాముకు 15.43 గ్రెయిన్లు) ఇత్తడి అదనంగా ఉంటే 2 గ్రెయిన్ల నీటి చోటు తగ్గాలి. అయితే ఆ ఇత్తడంతా గోడలోనే ఉండాలని లేదు. అడుగున అంచులోనో, దాని పక్క గాడిలోనో ఉంటే లోపలి చోటు మారదు. తూకంలో దాదాపు సమానంగా ఉన్న రెండు కంపెనీల కేసుల్లో నీళ్లు పోస్తే గ్రెయిన్‌కు పైగా తేడా రావడం నేను చూశాను.

అందుకే నీటితోనే కొలవండి. రెండు రకాలనూ ఒకే రైఫిల్‌లో పేల్చి ఉండాలి, అప్పుడే బయటి ఆకారం ఒకటిగా ఉంటుంది. రీసైజ్ చేయవద్దు, అంటే అచ్చులో నొక్కి పాత కొలతకు తేవద్దు. పేలిన ప్రైమర్‌ను (మందును అంటించే అడుగు బిళ్లను) తీయకండి, తీస్తే అడుగు రంధ్రం నుంచి నీరు కారిపోతుంది. పొడవులు సమానంగా కత్తిరించి, ఖాళీ కేసును తూచి, డ్రాపర్‌తో నీళ్లు నింపండి. గిన్నెలు కడిగే ద్రవం ఒక్క చుక్క నీటిలో కలిపితే బుడగలు గోడకు పట్టుకోవు. వేలితో మెల్లగా తట్టి, మూతి దగ్గర నీటిని వెలుతురులో పక్కనుంచి చూడండి. ఉబ్బితే లెక్క ఎక్కువ వస్తుంది, గుంట పడితే తక్కువ వస్తుంది. మట్టంగా నిలిచాక బయటి తడి తుడిచి మళ్లీ తూచండి. రెండు తూకాల తేడాయే లోపలి పరిమాణం. .308లో ఇది సుమారు 56 గ్రెయిన్లు ఉంటుంది. రకానికి ఐదు కేసులైనా కొలిచి సగటు చూడండి.

చోటు తగ్గితే అదే మోతాదు మందుకు పీడనం పెరుగుతుంది. ఇందులో అంచనాలకు పోవద్దు. కేసు మార్చినప్పుడల్లా మందు మోతాదులు చెప్పే మాన్యువల్‌లోని కనిష్ఠ మోతాదు నుంచే మళ్లీ మొదలుపెట్టండి.

ఇక సంక్రాంతి సంగతి. దయచేసి ఒక్క కేసు కూడా తేవద్దు. మన 1959 ఆయుధాల చట్టం తూటా భాగాలను కూడా తూటాల కిందే లెక్కిస్తుంది, లైసెన్సు లేకుండా ఇక్కడ తూటాలు తయారుచేయడం నేరం. బయలుదేరే ముందు సూట్‌కేసు జేబులు, పాత జాకెట్ జేబులు కూడా వెతకండి, కాల్పుల సాధన చేసే రేంజిలో ఏరిన కేసు ఒకటి అక్కడ మిగిలిపోవడం తేలిక. బావగారికి ఫోటోలు చూపిస్తే చాలు.