కీటోసెరాస్ సారానికి జోన్ రాకపోతే

తమ్ముడూ, హేచరీ నుంచి తెచ్చిన కీటోసెరాస్‌ని (డయాటమ్ అనే రకం ఒంటికణ ఆల్గే) ఓవెన్‌లో ఎండబెట్టి, మెథనాల్‌లో సారం తీసి ఆ సారం పట్టించిన కాగితం డిస్క్ పెడితే స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా ప్లేట్‌లో జోన్, అంటే డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం, రాలేదన్నావు కదా. టెన్షన్ పడకు, సారంలో ఏమీ లేదని అప్పుడే తేల్చేయకు. డయాటమ్‌లలో బ్యాక్టీరియాని చంపే వాటిలో ముఖ్యమైనవి ఈపీఏ (చేపనూనెలో కూడా ఉండే ఒమేగా-3) లాంటి ఫ్యాటీ యాసిడ్లు. ఫియోడాక్టైలం అనే ఇంకో డయాటమ్ నుంచి వేరుచేసిన ఈపీఏ, ఎంఆర్ఎస్ఏ (మెథిసిలిన్ లాంటి యాంటీబయాటిక్‌లకి లొంగని స్టెఫిలోకాకస్) మీద కూడా పనిచేసిందని 2009లోనే అచ్చయింది. ఇవి కొవ్వులు, తడి అగార్‌లో సరిగ్గా పాకవు, డిస్క్ కిందే ఉండిపోతాయి. అందుకే 96 గుంటల ప్లేట్‌లో బ్రాత్ డైల్యూషన్ చెయ్యి, అంటే ద్రవ మాధ్యమంలోనే సారాన్ని మెట్లుమెట్లుగా పలచన చేసి బ్యాక్టీరియా పెరుగుతుందో లేదో చూడు. సారాన్ని కరిగించే ద్రావకం డీఎంఎస్ఓ ఒక్కటే వేసిన కంట్రోల్ మాత్రం మర్చిపోవద్దు.

అసలు నాకు ఎక్కువ అనుమానం ఆ ఓవెన్ మీదే. బతికున్న కణంలో ఈ యాసిడ్లు చాలావరకు లిపిడ్‌లలో కట్టుబడి ఉంటాయి, కణం పగిలాక దాని సొంత ఎంజైములే వాటిని విడదీస్తాయి, వేడి తగిలితే ఆ ఎంజైములే చచ్చిపోతాయి. సెంట్రిఫ్యూజ్‌లో దిగిన గోధుమరంగు ముద్దని ఎండబెట్టకుండా ఫ్రీజ్ చేసి, కరిగించి, పగలగొట్టి, కాసేపు ఆగి సారం తియ్యి. సీసా మూత తీయగానే పాత చేపనూనె వాసన కొడితే ఆక్సిడైజ్ అయిపోయినట్టే, పారేసి మళ్లీ తీసుకో. కొత్తది చీకట్లో, మైనస్ 20లో పెట్టు. ఇంకోటి, హేచరీ కల్చర్‌లో బ్యాక్టీరియా కూడా ఉంటుంది, ఫలితం వస్తే అది ఆల్గేదేనా అన్నది కూడా చూసుకోవాలి.