ప్రార్థనలో మాటలు రావడం లేదు, నా విశ్వాసం తగ్గిపోయిందా?

సోదరీ, ఏడాదిగా ప్రార్థనకు మోకరిస్తే మాట పెగలడం లేదని, నాలుగు మాటలు చెప్పేలోపే మనసు ఇంటి పనుల మీదకో, పిల్లల చదువుల మీదకో వెళ్లిపోతోందని రాశారు. సంఘంలో మిగతావాళ్లు గంటల తరబడి ప్రార్థిస్తుంటే సిగ్గుగా ఉంటోందన్నారు. విశ్వాసం తగ్గిపోయిందా, ఈ స్థితిలో ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టి కుటుంబ ప్రార్థన నడిపించే అర్హత నాకుందా అని అడిగారు.

మీ విశ్వాసం పోలేదనే నేను నమ్ముతున్నాను. దేవునితో మాట్లాడాలన్న కోరికే లేనివారికి మాట రావడం లేదన్న బాధ ఉండదు. నాకు తెలిసిన మార్గం ఒకటి చెబుతాను. సొంత మాటలు రానప్పుడు వాక్యంలోని మాటలు అరువు తెచ్చుకుని ప్రార్థించండి. బలహీనులకోసం పెట్టిన మినహాయింపుగా దీన్ని చూడకండి. బైబిలులోని భక్తులు చాలామంది చేసింది ఇదే.

యోనా చేప కడుపులో చేసిన ప్రార్థన చూడండి. అందులో వరుసగా కీర్తనల మాటలే వినిపిస్తాయి. మరియ పాడిన స్తుతిగీతం చదివి, వెంటనే మొదటి సమూయేలు 2వ అధ్యాయంలోని హన్నా ప్రార్థన చదవండి. దీనులను పైకెత్తడం, ఆకలిగొన్నవారిని తృప్తిపరచడం, గర్వించినవారిని అణచడం రెండింటిలోనూ ఉంటాయి. పేతురు యోహానులను బెదిరించి వదిలేశాక సంఘం కూడి చేసిన ప్రార్థన అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో ఉంది. అది రెండవ కీర్తనను ఎత్తి చెబుతుంది. అన్నిటికీ మించి, సిలువ మీద ప్రభువు నోట వచ్చిన ‘నా దేవా, నా దేవా’ అన్న కేక 22వ కీర్తన మొదటి మాట. ‘నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను’ అన్నది 31వ కీర్తనలోది. దేవుని కుమారుడే ప్రాణం పోయే వేళ దావీదు మాటలతో ప్రార్థించాడు. మనం మాత్రం ప్రతిరోజూ కొత్త మాటలు పుట్టించాలని ఎవరు చెప్పారు?

శిష్యులు ‘ప్రభువా, మాకు ప్రార్థన చేయ నేర్పుము’ అని అడిగినప్పుడు కూడా, మీ మనసుకు తోచింది చెప్పుకోండి అని ఆయన వదిలేయలేదు. మాటలు ఇచ్చాడు. పరలోక ప్రార్థన నెమ్మదిగా చెప్పినా ఒక్క నిమిషం పట్టదు. దానికి ముందే మత్తయి సువార్తలో, విస్తరించి మాట్లాడటంవల్ల దేవుడు వింటాడనుకోవద్దని హెచ్చరించాడు. మీరు అడగకమునుపే మీకు ఏం కావాలో తండ్రికి తెలుసని చెప్పాడు. గంటల తరబడి ప్రార్థించేవారిని నేను తక్కువ చేయడం లేదు, అలాంటి తండ్రి చేతుల్లోనే పెరిగాను. కానీ నిడివిని బట్టి విశ్వాసాన్ని తూచే అలవాటు మన మధ్య ఉంది. అది మీలాంటివారిని ఎంత నలిపేస్తుందో నాకు తెలుసు.

మా నాన్నగారు ప్రార్థనకు పేరున్న మనిషి. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు ఆయనను పిలిచేవారు. ఆయనకే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మేము చెప్పేది చాలావరకు అర్థమయ్యేది, తనకు కావలసింది మాత్రం చెప్పలేకపోయేవారు. మంచినీళ్లు కావాలంటే గ్లాసు వైపు చూసి నోరు తెరిచేవారు. వేరే మాట ఏదో వచ్చేది. అది కాదని ఆయనకు తెలిసేది. మళ్లీ ప్రయత్నించి, మళ్లీ తప్పు మాటే వస్తే కళ్లు మూసుకుని గోడ వైపు తిరిగేవారు. ఆ రోజుల్లో నాకూ ప్రార్థన ఆగిపోయింది. ‘నాన్నను బాగుచేయి ప్రభువా’ అన్నాక ఇంకేం చెప్పాలో తోచేది కాదు. మోకాళ్ల మీద ఉన్నంతసేపూ మందుల వేళలు, ఆసుపత్రి ఖర్చులు, రాత్రి ఆయన దగ్గర ఎవరు పడుకోవాలన్న లెక్కలు.

ఒక సాయంత్రం మంచం పక్కన కూర్చుని 23వ కీర్తన పైకి చదువుతున్నాను. ‘యెహోవా నా కాపరి’ అని ఊపిరి తీసుకునేలోపే ఆయన ‘నాకు లేమి కలుగదు’ అన్నారు. స్పష్టంగా, తడబడకుండా. నేను ఆగిపోయాను. తర్వాతి మాట కోసం నా పెదవుల వైపే చూస్తున్నారని అర్థమై మళ్లీ మొదలుపెట్టాను. నేను వచనం అందుకుంటే ఆయన పూర్తి చేశారు. అక్కడక్కడా ఒక పదం జారింది, వరుస మాత్రం తప్పలేదు. ‘గాఢాంధకారపు లోయలో’ అన్నచోట నా మణికట్టు పట్టుకున్నారు. చదవడం అయ్యాక నీళ్లు అడగబోతే మళ్లీ మాట రాలేదు.

తర్వాత డాక్టరు గారిని అడిగితే ఇలాంటిది తరచుగా చూస్తామన్నారు. అప్పటికప్పుడు కొత్తగా వాక్యం కూర్చుకుని చెప్పే పని, చిన్నప్పటి నుంచి కంఠస్థమైన పాటలూ ప్రార్థనలూ పలికే పని మెదడులో ఒకే విధంగా జరగవట. మొదటిది దెబ్బతిన్నా చాలామందిలో రెండోది మిగులుతుందట. సరే, వైద్యం ప్రకారం అది అంతే. కానీ ఆ మణికట్టు పట్టు యాంత్రికం కాదు. ఆయన ఆ మాటలతోనే ప్రార్థిస్తున్నారు. సొంత మాటలన్నీ పోయినరోజున, ఎప్పుడో నేర్చుకున్న వాక్యం ఆయన తరఫున నిలబడింది. నాకు మాటలున్నాయి, ప్రార్థనే రావడం లేదు. ఆయనకు మాటలు లేవు, ప్రార్థన వచ్చింది. ఆ తర్వాత నేనూ ఆయన పక్కనే కూర్చుని, నా ప్రార్థనగా కీర్తనలు చదవడం మొదలుపెట్టాను.

దీన్నెలా చేయాలో చెబుతాను. జార్జ్ ముల్లర్ గురించి వినే ఉంటారు. బ్రిస్టల్‌లో అనాథ పిల్లల కోసం గృహాలు నడిపిన దైవజనుడు. అంతటి ప్రార్థనాపరుడు 1841లో రాసుకున్న మాటలు చదివినప్పుడు నాకు ఎంతో ధైర్యం వచ్చింది. అంతకుముందు ఏళ్ల తరబడి ఆయన నిద్ర లేవగానే నేరుగా ప్రార్థనకు కూర్చునేవాడట. మనసు అటూ ఇటూ తిరిగి, ఒక్కోసారి అరగంట గడిచాక గాని నిజంగా ప్రార్థించడం మొదలయ్యేది కాదట. తర్వాత వరుస మార్చాడు. ముందు వాక్యం తెరిచి, నెమ్మదిగా ధ్యానిస్తూ చదవడం. అలా చదువుతుంటే దానంతటదే ఒప్పుకోలుగానో, కృతజ్ఞతగానో, విన్నపంగానో మారేదట. ముందు ఆయన మాట, తర్వాత మన జవాబు. మాట్లాడటం మొదలుపెట్టే భారం మన మీద ఉండదు.

మీరు 13వ కీర్తనతో మొదలుపెట్టండి. ఆరే వచనాలు. పైకి చదవండి, కనీసం పెదవులు కదిలేలా చదవండి. ‘యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?’ ఇక్కడ ఆగండి. మీ ఏడాది కాలాన్ని ఆ ‘ఎన్నాళ్లవరకు’ పక్కన పెట్టండి. కొత్త వాక్యం కట్టక్కర్లేదు, ‘ప్రభువా, ఇదే నా మాట’ అంటే చాలు. తర్వాతి వచనానికి వెళ్లండి. చివర్లో ‘నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచియున్నాను’ అని వస్తుంది. అది మీ నోట నిజంగా పలకకపోతే దాచకండి. తన బిడ్డ కోసం వచ్చిన తండ్రి యేసు ఎదుటే ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అన్నాడు. ఆ సగం నమ్మకానికే ప్రభువు బిడ్డను బాగుచేశాడు.

మనసు మరీ చీకటిగా ఉన్నరోజు 88వ కీర్తన ఉంది. ఎజ్రాహీయుడైన హేమాను పేరుతో ఉన్నది. మిగతా విలాప కీర్తనలు చాలావరకు చివరికి వెలుగు వైపు తిరుగుతాయి, ఇది తిరగదు. చివరి మాట చీకటే. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడంటే, మీ ఎండిపోయిన ప్రార్థనను తోసేస్తాడని నేను అనుకోను. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే. ఆరాధనల్లో మనం ఎక్కువగా స్తుతికీర్తనలే పాడతాం కాబట్టి ఆ వంతు మనకు తెలియకుండా పోతోంది. నాకు చాలాకాలంగా ఉన్న బాధ ఇది.

మనసు ఎటో పోవడం గురించి. దాన్ని కొట్టి వెనక్కి తేవడానికి ప్రయత్నించి నేను అలసిపోయాను. ఇప్పుడు అది ఎటు వెళ్తే అటు ప్రార్థనను పంపిస్తాను. అబ్బాయి లెక్కల పరీక్ష గుర్తొచ్చిందా, వాడి పేరు చెప్పి అక్కడే ప్రభువుకు అప్పగించి, ఆగిన వచనం దగ్గరికి తిరిగి వస్తాను. ‘ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి’ అని పేతురు రాశాడు. యావత్తు అంటే పరీక్షలు, పప్పులు ఉప్పులు కూడా. ప్రార్థనకు అడ్డొస్తున్నాయనుకున్న వాటిలో ఎక్కువ భాగం నిజానికి మనం ప్రార్థించవలసిన సంగతులే.

రోజూ అదే కీర్తన చదివితే వ్యర్థమైన మాటలవుతాయేమోనని భయపడకండి. గెత్సేమనే తోటలో ప్రభువు మూడవమారు వెళ్లి ‘ఆ మాటలే’ చెప్పి ప్రార్థించాడని మత్తయి రాశాడు.

ఇంకొకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు సరిగ్గా నిద్రపోతున్నారా? ఇద్దరు పిల్లలు, ఇల్లు, ఉద్యోగం అని రాశారు. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని ప్రాణం తీసేయమని దేవుణ్ణి అడిగినప్పుడు, దేవుడు ఆయన విశ్వాసాన్ని తప్పుపట్టలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు పెట్టించాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ తినిపించాడు. హోరేబు కొండ, నిమ్మళమైన స్వరం అన్నీ ఆ తర్వాతే. కాబట్టి అలసటను ఆత్మీయ పతనమనుకోవద్దు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏ పని మీదా ఆసక్తి లేకపోయినా, ఊరికే ఏడుపు వస్తున్నా డాక్టరుకు చూపించుకోండి. అది విశ్వాసం లేనివారు చేసే పని అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ప్రాణం మీద విరక్తి కలిగితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా, ఆ పూటే ఇంట్లోవారికి చెప్పి వైద్యసహాయం తీసుకోండి.

సంఘంలో సిగ్గుగా ఉంటోందన్నారు కదా. హన్నా మందిరంలో పెదవులు మాత్రమే కదిలిస్తూ ప్రార్థిస్తే, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. అంత దగ్గర కూర్చున్నవాడికే అర్థం కాలేదు. ఆమె దాన్ని ‘నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకొనుచున్నాను’ అని చెప్పింది. నాకు బాగా నచ్చే సంగతి దాని తర్వాత ఉంది. ఆమె అడిగిన కొడుకు సమూయేలు ఇంకా పుట్టలేదు, అడిగింది చేతికి రాలేదు. అయినా ఆమె వెళ్లి భోజనం చేసింది, ఆమె ముఖంలో దుఃఖం తొలగిపోయింది.

నా విషయంలో అడిగింది చేతికి రాలేదు. నాన్నగారికి మాట తిరిగి రాకుండానే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధ గురించి మూడుమార్లు వేడుకుంటే ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు వచ్చింది. నిజం చెప్పాలంటే మొదట్లో ఆ వచనం నాకు ఓదార్పు కాలేదు. పౌలంతటివాడికి కూడా ముల్లు ఉండిపోయిందన్న సంగతే ఓదార్పయింది. ‘ఎందుకు’ అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటాను. కీర్తనలు అడగనిస్తాయి.

పిల్లలతో ప్రార్థన విషయం. తప్పకుండా కూర్చోండి. అర్హత గురించి ఆలోచించకండి, అర్హతను బట్టి ఎవరమూ ఆయన సన్నిధికి రాలేదు. ‘కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను’ అని మొదలయ్యే 121వ కీర్తన తీసుకోండి. ఎనిమిది వచనాలు, చిన్నవాళ్లకు కూడా నోరు తిరుగుతాయి. వంతులవారీగా ఒక్కో వచనం చదవండి. ‘కునుకడు నిద్రపోడు’ అన్నచోట చిన్నవాడు ఏదో ఒకటి అడుగుతాడు, అడగనివ్వండి. ఆ రోజు ఎవరికోసం ప్రార్థించాలో పిల్లలనే ఒక్కో పేరు చెప్పమనండి. మీకు మాట రాకపోతే ఆ పేర్లే మళ్లీ పలికి, అందరూ కలిసి పరలోక ప్రార్థన చెప్పి లేవండి. ఆ పూటకు కుటుంబ ప్రార్థన అయిపోయినట్టే. వారం పాటు అదే కీర్తన ఉంచితే పిల్లలకు కంఠస్థం అవుతుంది. మీకూ అవుతుంది.