హైతీకి అంత విదేశీ సాయం వచ్చినా పేదరికం ఎందుకు తగ్గలేదు?

ముఖ్య కారణం ఏంటంటే, ఆ డబ్బులో చాలా భాగం హైతీ గవర్నమెంటు చేతికీ రాలేదు, అక్కడి జనాల చేతికీ రాలేదు. 2010 జనవరి భూకంపం తర్వాత దేశాలన్నీ వందల కోట్ల డాలర్లు ప్రకటించాయి కానీ ఎమర్జెన్సీ సాయంలో గవర్నమెంటుకి నేరుగా అందింది 1 శాతం లోపే, మిగతాదాదాపు అంతా సాయం ఇచ్చిన దేశాల సొంత ఏజెన్సీలు, సైన్యాలు, ఐక్యరాజ్యసమితి సంస్థలు, విదేశీ ఎన్జీవోలు, కాంట్రాక్టర్ల ద్వారా ఖర్చయింది, ప్రాజెక్టు అయిపోగానే వాళ్లు సర్దుకుని వెళ్లిపోతే హాస్పిటల్లో నర్సుకి జీతం ఇచ్చే వ్యవస్థ అక్కడ మిగల్లేదు.

పైగా ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టు కూడా జరిగింది. బియ్యం సంగతే చూడండి. 1980ల వరకు తమకి కావాల్సిన బియ్యం చాలావరకు హైతీ వాళ్లే ఆర్టిబొనీట్ లోయలో పండించుకునేవాళ్లు. అప్పులిచ్చే సంస్థల ఒత్తిడితో 1995లో దిగుమతి సుంకం 3 శాతానికి దించేశారు, దాంతో సబ్సిడీ మీద పండిన అమెరికా బియ్యం చవగ్గా వచ్చిపడి అక్కడి రైతు నిండా మునిగిపోయాడు. ఆ పాలసీ తప్పేనని, ఆ టైంలో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటనే 2010లో ఒప్పుకున్నారు.

చాలామంది "నాయకులే మొత్తం తినేశారు" అనుకుంటారు. అవినీతి ఉంది, చాలా ఉంది, కానీ జనం రోడ్డెక్కిన పెట్రోకరీబ్ స్కామ్‌లో పోయింది వెనెజులా అప్పు మీద ఇచ్చిన ఆయిల్ తాలూకు డబ్బు, భూకంపం సాయం కాదు. వాళ్ల దాకా రాని డబ్బుని వాళ్లు తినలేరు కదా.